రోడ్డు మీద ఉలవలు

నేను బెంచీ మీద కుదురుగా కూర్చోలేనని మా మాస్టరు మా నాన్నను స్కూలుకు పిలిపించి మరీ చెప్పాడు. ఆయన మాట పోకూడదని ఎనిమిదో తరగతి మధ్యలోనే బయటికొచ్చేశాను. తర్వాత బతుకుతెరువుకు నేను చేసిన పని ఏమిటయ్యా అంటే, అరచేయంత సీటు మీద పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా దిగకుండా కూర్చోవడం. ఇప్పుడు ఆలోచిస్తే బెంచీయే మేలు. అక్కడ పక్కన ఒకడుండేవాడు, వాడి నోట్సు చూసి రాసుకోవచ్చు.

తమిళనాడు అంచున ఉన్న హోసూరులో ఒక ఫ్యాక్టరీ ఆసామి పెట్టిన సైకిలు టీములో నేను నెలజీతానికి తొక్కేవాణ్ణి. సైకిలు తొక్కితే జీతమిచ్చే ఉద్యోగం ఒకటుందంటే మా చుట్టాలెవరికీ నమ్మకం కుదరలేదు. కెలమంగలంలో మా అత్తగారింటి పక్కన పట్టుపురుగులు పెంచే పెద్దాయన ఒకడు నన్ను చూసినప్పుడల్లా జాలిపడేవాడు.

"ఏమప్పా, ఇంకా సైకిల్లోనే పోతా ఉండావా? ఆ కంపినీవోళ్ళు నీకు మోటారు బండి కొనీలేదా?"

"అడిగినాను మామా. దీనికి పెట్రోలు ఖర్చు లేదంట, అందుకే దీని మీదనే ఉండమన్నారు."

"అట్ల చెప్పు. తెలివైనోళ్ళే" అనేవాడు ఆయన, నన్ను తప్ప అందరినీ మెచ్చుకుంటూ.

టీములో నా పని గెలవడం కాదు. రోడ్డు రేసుల్లో ఒక టీముకు గెలిచే మనిషి ఒకడే ఉంటాడు, మిగతావాళ్ళం అతని కూలీలం. ఎదురుగాలి కొడితే అతని ముందు పోయి అడ్డం నిలుస్తాం. అతనికి దాహమైతే, వెనకాల వచ్చే మా కారు దాకా జారి, చొక్కా లోపల నీళ్ళ సీసాలు కుక్కుకుని, నెలలు నిండిన మనిషిలా మళ్ళీ ముందుకు తొక్కుతాం. మా అమ్మ బోరింగు దగ్గర్నుంచి జీవితమంతా నీళ్ళు మోసింది. ఆమెకు ఎవరూ రంగుల చొక్కా ఇవ్వలేదు. ఆ లెక్కన నేను పైకొచ్చినట్టే.

మేము నీళ్ళు మోసిన మనిషి తెలంగాణ నుంచి వచ్చినవాడు. హోసూరు ఫ్యాక్టరీలో పనికి చేరి, షిఫ్టుకు సైకిలు మీద పోయి వస్తూ మా కోచ్ కంట్లో పడ్డాడు. మాకందరికీ అన్న. తక్కువ మాట్లాడేవాడు, ఎక్కువ తొక్కేవాడు. ఒక్కటే చిక్కు. రేసున్న ప్రతి పొద్దూ, బయల్దేరే ముందు, కారు వెనక్కి పోయి వాంతి చేసుకునేవాడు. భయంతోనే. అతనే చెప్పేవాడు, దాచుకునేవాడు కాదు.

నేను ఊరుకుంటానా? "అన్నా, ఇడ్లీ పడలేదా? రేపట్నుంచి పొంగలు చెప్తా" అనేవాణ్ణి. టీమంతా నవ్వేది. అన్న మూతి కడుక్కుంటూ, "నవ్వురా నవ్వు. నీకు భయం లేదు, అదృష్టవంతునివి" అనేవాడు.

ఆ మాట నిజమేనని నేనూ అనుకున్నాను. రేసు ముందు రోజు హాయిగా నిద్రపోయేవాణ్ణి. బయల్దేరే గీత దగ్గర నిలబడి అందరి పెదాలు ఎండిపోతుంటే, నేను పోలీసాయన బొజ్జ మీద ఒక మాట విసిరి పది మందిని నవ్వించేవాణ్ణి. మనసు గట్టిగా ఉండడమంటే ఇదే అనుకున్నాను. మా కోచ్ మనసు గురించి ఎప్పుడు పాఠం మొదలుపెట్టినా, ఇది నాకు కాదులే, వాంతి చేసుకునేవాళ్ళకు, అని పక్కకు చూసేవాణ్ణి.

దురదృష్టం మాత్రం నన్ను బాగా ఎరుగును. మంచి రోడ్డు మీద నా చక్రానికే మేకు దొరికేది. కుక్క అడ్డమొస్తే నాకే వచ్చేది. ఒకసారి గొడుగు ఎగిరొచ్చి నా ముఖానికి చుట్టుకుంది, వాన కూడా లేదు. ఇట్లాంటిది జరిగిన ప్రతిసారీ, ఆ సాయంత్రం భోజనాల దగ్గర నాకొక కథ ఉండేది. అందరూ అన్నం మెతుకులు పొలమారేట్టు నవ్వేవాళ్ళు. ఓడినట్టే అనిపించేది కాదు. నిజం చెప్పాలంటే, పడ్డప్పుడు మోకాలి కంటే ముందు కథే చూసుకునేవాణ్ణి, బాగా వచ్చిందా లేదా అని.

ఆ ఏడాది మా సొంత రోడ్ల మీద రేసు పెట్టారు. హోసూరులో మొదలై, కెలమంగలం, రాయకోట మీదుగా కృష్ణగిరి. అక్కణ్ణుంచి వేప్పనపల్లి వైపు పోయి చుట్టి వచ్చి, మళ్ళీ కృష్ణగిరిలో ముగింపు. ఆ రోడ్లలో ఎక్కడ గుంత పడిందో, ఏ మలుపులో ఇసుక చేరుతుందో టీములో నాకు తెలిసినంత ఎవరికీ తెలియదు.

రేసుకు కొద్ది రోజుల ముందు అంచెట్టి కొండల్లో ప్రాక్టీసు. ఎత్తు ఎక్కి, టీ కొట్టు ముందు సైకిళ్ళు ఆనించి నిలబడ్డాం. కోచ్ నన్ను పక్కకు పిలిచాడు. ఆయన తమిళాయన. మాతో తెలుగే మాట్లాడేవాడు, కోపం వస్తేనే తమిళంలోకి పోయేవాడు. నన్ను పక్కకు పిలిచేది తిట్టడానికే. ఆ రోజు మాత్రం తెలుగులోనే ఉన్నాడు, అందుకే నాకు కొంచెం దిగులు పుట్టింది.

"ఓనరు ఒకర్ని తీసేయమంటా ఉండారు. నీ పేరే చెప్పినారు."

నేను టీ గ్లాసు కొట్టువాడికి తిరిగి ఇచ్చాను.

"నేను ఒప్పుకోలేదు. ఈ రేసు చూసి చెప్తా అన్నాను. ఈసారి నువ్వు ఎవరికీ నీళ్ళు మోయొద్దు. ఇవి నీ రోడ్లు. ముందుకు పోతావా, పో. ఆగమని నేను చెప్పను. మొదటి ముగ్గురిలో ఒకడిగా రా, చాలు. మిగతాది నేను మాట్లాడుకుంటా."

"సార్, నాలుగోవాడిగా వస్తే సగం జీతానికి పెట్టుకుంటారా?"

ఆయన నవ్వలేదు. టీ కొట్టువాడు నవ్వాడు. నాకు అదే చాలనిపించింది.

ఇంట్లో చెబితే నా భార్య పని చేస్తున్న చెయ్యి ఆపలేదు. ఆమె హోసూరు బయట గులాబీలు పెంచే పెద్ద షెడ్లలో పని చేస్తుంది. ముళ్ళతో పొద్దుపోయే మనిషి కాబట్టి మాట కూడా నేరుగా గుచ్చుతుంది.

"గెలిచేది గెలవనిది నీ ఇష్టం. ఆ పొద్దు మాత్రం ఎవరినీ నవ్వించొద్దు. ఊరికే తొక్కు."

"నవ్విస్తే ఏం పోయింది?"

"నీకు భయమైతేనే నువ్వు ఎక్కువ మాట్లాడేది. నాకు తెలీదా?"

"నాకా భయం? నిన్ను చూసుకోను వచ్చినప్పుడు నువ్వు చూసినావు గదా, మీ వాళ్ళందరినీ ఎంత నవ్వించినానో."

"దాన్ని చూసే చెప్తా ఉండాను" అంది.

రేసు రోజు అన్న మామూలుగానే కారు వెనక్కి పోయి వచ్చాడు. నేను మామూలుగానే ఇడ్లీ సంగతి అడిగాను. పొద్దుటి చలిలో హోసూరు దాటాం. కెలమంగలం బస్టాండు దగ్గర నా పేరు పెట్టి ఎవరో అరిచారు. రాయకోటలో టమాటా మార్కెట్టు పక్కగా పోతున్నప్పుడు, గుంపంతా బుట్టలను, బండ్లను చూసి జంకి వేగం తగ్గించింది. నాకు ఆ సందు తెలుసు. పక్కనుంచి లేచి ముందుకు పోయాను. కొంత దూరం ఇద్దరు నా వెంట వచ్చి, తర్వాత వదిలేశారు. కృష్ణగిరిలో పెద్ద రోడ్డు దాటేటప్పుడు పోలీసులు లారీలను ఆపి పెట్టారు. అంత పెద్ద లారీలు నా కోసం ఆగడం నా జీవితంలో అదే మొదలు. చెవిలో చిన్న రేడియో. అందులో కోచ్ గొంతు: "బాగుండాది. వెనకాల ఎవరూ కనిపించలే. అట్లే తొక్కు."

వేప్పనపల్లి రోడ్డులో పడ్డాక చుట్టూ మామిడి తోటలు. ఊళ్ళన్నీ తెలుగు ఊళ్ళు. "పో నాయినా, పో" అని ఆడవాళ్ళు చేతులూపుతున్నారు. ముందు ఎప్పుడో పోయిన పోలీసు జీపు తప్ప రోడ్డంతా నాదే.

అప్పుడు పట్టుకుంది నన్ను. అంతకాలం నేను ఒకరి వీపు చూస్తూ తొక్కాను, లేదా ఒకరికి వీపిచ్చి తొక్కాను. ఇప్పుడు ముందూ ఎవరూ లేరు, వెనకా ఎవరూ లేరు. ఒక మాట అందామంటే వినేవాడు లేడు. ఓడిపోతే గాలికి అడ్డం పడి అలిసిపోయాను అని చెప్పుకోవడానికి కూడా లేదు. కడుపులో ఏదో బిగుసుకుంది. పొద్దుట తిన్న ఇడ్లీ గుర్తొచ్చింది. కోచ్ చెప్తున్నా నమ్మకం లేక మాటిమాటికీ వెనక్కి తిరిగి చూశాను. ఎవరూ లేరు. మళ్ళీ చూశాను. ఎవరూ లేరు. అట్లా ఒకసారి చూసి తల ముందుకు తిప్పేసరికి, పల్లంలో మలుపు, మలుపు నిండా ఉలవ చెట్లు.

మా వైపు సంగతి తెలియనివాళ్ళకు చెబుతాను. చలికాలం చివర రాగి, ఉలవ కోతలయ్యాక, చెట్లను తెచ్చి తారు రోడ్డు మీద మందంగా పరుస్తారు. బస్సులు, లారీలు తొక్కుకుంటూ పోతే గింజ రాలుతుంది. తర్వాత చెట్లు దులిపి తీసేసి, గింజ ఊడ్చుకుంటారు. వేరే కళ్ళం అక్కర్లేదు, ఎద్దులు అక్కర్లేదు. మా అమ్మ కూడా పరిచేది. దాని మీద సైకిలు ఎట్లా పోవాలో నాకు పలక పట్టక ముందే తెలుసు. బ్రేకు వేయకూడదు, తొక్కకూడదు, హ్యాండిల్ తిప్పకూడదు. ముందే చూసుంటే మలుపు అంచున, చెట్లు పలచగా ఉన్న చోటు నుంచి నిదానంగా జారిపోయేవాణ్ణి. వెనక్కి చూసినవాడికి ఆ తీరిక ఎక్కడిది? బ్రేకు వేశాను.

పడ్డాను. ఉలవ చెట్ల మీద మెత్తగానే పడ్డాను. మోచేయి గీరుకుపోయింది. అంతే.

రోడ్డు పక్క నుంచి ఒక పెద్దామె కొంగు బిగించుకుంటూ పరుగెత్తుకొచ్చింది.

"అయ్యో దేముడా! యాడ తగిలినాదప్పా?"

"మోచేయమ్మా. ఏం లేదు."

"జీపు పోయె, మోటారు బండ్లు పోయె, ఒకరూ పడలే. నువ్వేమప్పా ఇట్ల పడితివి?"

"అమ్మా, ఈ పొద్దే పరచాలా? నిన్న మైకులో చెప్పినారు గదా?"

"ఏమి చెప్పినారు? గొడ్లను రోడ్డు మీదికి వదలద్దనిరి. పిల్లోళ్ళను పట్టుకోమనిరి. బండ్లు వరసగా వస్తాయనిరి. వరసగా వస్తాయంటేనే గదా పరిస్తిమి! ఉలవలు వద్దని యెవురు చెప్పిరి?"

ఆమె మాటా న్యాయమే. మైకు పట్టుకున్నవాడు ఈ ఊళ్ళవాడు కాడు, వాడికి తట్టి ఉండదు. రేసు వెనకాల వరసగా కార్లు, వ్యానులు వస్తాయంటే ఇంకేం కావాలి ఆమెకు? అట్లాంటి యోగం ఏడాదికొకసారి కూడా దొరకదు.

సైకిలు చూశాను. చైను జారింది. వెనక గేరు చుట్టూ ఉలవ తీగలు చుట్టుకున్నాయి. లాగి పారేసి, చైను ఎక్కించి, ఎక్కి పోవచ్చు. అన్నం కలుపుకునేంత సేపు కూడా పట్టదు. వెనక ఇంకా ఎవరూ కనిపించడం లేదు.

చెవిలో కోచ్: "ఏమాయె? ఎందుకు ఆగినావు?"

"ఉలవలు సార్."

"ఏంది?"

"మలుపులో ఉలవలు పరిచినారు. వెనక వాళ్ళకు చెప్పండి."

"సరే, చెప్తా. నువ్వు లేచినావా?"

నేను చెవిలో రేడియో పీకేశాను.

ఎందుకు పీకానో చాలాకాలం నాకే తెలియదు అన్నాను, అందరితో. తెలుసు. పడగానే నా కడుపులో బిగుసుకున్నది వదులైపోయింది. ఎండలో నడిచి నడిచి నీడలోకి వచ్చినట్టు ఉంది. ఇక నేను గెలవక్కర్లేదు. ఓడిపోయావేం అని నన్నెవరూ అడగలేరు. ఉలవల మీద పడ్డాడు పాపం, అంటారు. పైగా ఎంత మంచి కథ! గొడుగు దీని ముందు ఏపాటి?

అందుకే కూర్చున్నాను. పక్క తోటలోంచి నలుగురైదుగురు వచ్చారు. ఆ పెద్దామె, ఇంకొకామె కలిసి చెట్లను పక్కకు లాగుతుంటే, నేను గట్టు మీద మోచేయి ఊదుకుంటూ మాటలు మొదలుపెట్టాను. "మా టీములో అందరికీ గ్లూకోసు ఇస్తారు, నాకొక్కడికే ఉలవలు పెట్టినారు, గుర్రాన్ని అనుకోని" అన్నాను. నవ్వారు. నవ్వుతారని తెలుసు. పెద్దామె మాత్రం నవ్వకుండా, నా సైకిలును లేపి, తోట గోడకు ఆనించి, తీగలు పీకి పెట్టింది.

వెనకవాళ్ళు వచ్చారు. కోచ్ చెప్పి ఉండబట్టి నెమ్మదిగానే వచ్చారు, చెట్లు కూడా సగం తీసేశారు. కాని రాలిన గింజలు తారు మీద పరుచుకుని ఉన్నాయి. వాటి మీద అన్న ముందు చక్రం జారింది. పక్కకు పడి, కొంత దూరం ఈడ్చుకుపోయాడు. తొడ మీద బట్ట చిరిగి, చర్మం లేచిపోయింది. నాకు తగిలిన దెబ్బ దాని ముందు చీమ కుట్టినట్టు.

లేస్తూ లేస్తూ నన్ను చూశాడు.

"ఏమైందిరా? కాలిరిగిందా?"

"లేదన్నా."

"సైకిల్ ఇరిగిందా?"

"లేదన్నా. మన అదృష్టం చూడు, ఉలవ..."

"మరి లెవ్వురా!"

అంతే అన్నాడు. వంకరపోయిన హ్యాండిల్‌ను మోకాళ్ళ మధ్య ఇరికించి ఒక్క తిప్పు తిప్పి, ఎక్కి పోయాడు. నేను అప్పుడైనా లేవచ్చు. అతని ముందుకు పోయి గాలికి అడ్డం పడొచ్చు. నాకు బాగా వచ్చిన పని అదొక్కటే. లేవలేదు. అతని వీపు మలుపు తిరిగి కనిపించకుండా పోయేదాకా చూస్తూ ఉన్నాను.

ఆగిపోయినవాళ్ళను ఎక్కించుకుని వచ్చే వ్యానులో కృష్ణగిరి చేరాను. అన్న రెండోవాడిగా వచ్చాడు. గీత దాటాక, పరచిన చాప మీద పడుకుని ఉంటే, ఎవరో అతని తొడకు మందు పూస్తున్నారు. నా భార్య పనికి సెలవు పెట్టి వచ్చి, తాళ్ళ అవతల నిలబడి ఉంది. నేను దిగడం చూసి ముందు నా కాళ్ళు చూసింది, తర్వాత చేతులు చూసింది, తర్వాత ముఖం చూసింది. నేను నోరు తెరవబోతే, "ఇప్పుడొద్దు" అంది.

కోచ్ నేరుగా వ్యాను దగ్గరికి పోయాడు. వ్యాను మీద నుంచి నా సైకిలు దింపి, తలకిందులు చేసి నిలబెట్టి, జారిన చైను ఎక్కించి, పెడలు చేత్తో తిప్పాడు. చక్రం వంకర లేకుండా, చప్పుడు లేకుండా తిరిగింది. అది ఆగేదాకా చూశాడు. నేనూ చూశాను. అంతసేపు తిరిగే చక్రాన్ని నేను మళ్ళీ చూడలేదు. ఆయన తమిళంలో తిట్టి ఉంటే బాగుండేది.

ఆ నెలాఖరుకు టీములో నా పని అయిపోయింది. ఆయన నా కోసం ఏం మాట్లాడాడో, అసలు మాట్లాడాడో లేదో నేను అడగలేదు. చక్రం తిప్పి చూసిన మనిషిని ఏమని అడగను?

టీము గదిలో నా సామాను సర్దుకుంటుంటే అన్న సాయం వచ్చాడు. తొడకు ఇంకా కట్టు ఉంది.

"అన్నా, ఆ రోజు పడ్డాక నీకు భయం వేయలేదా?"

"భయమంతా పొద్దుగాల్నే కక్కేసిన గదరా" అన్నాడు. "నువ్వే లోపలికి మింగుతవు."

ఇప్పుడు హోసూరులో పెద్ద సైకిళ్ళ షాపులో పని చేస్తున్నాను. ఆఫీసుల వాళ్ళు ఖరీదైన సైకిళ్ళు కొనుక్కోవడానికి వస్తారు. నేను ఒకప్పుడు టీములో తొక్కానని ఎవరైనా చెబితే కథ అడుగుతారు. ఉలవల కథే చెప్తాను. మైకు దగ్గర ఒకసారి, "ఉలవలు సార్" దగ్గర ఒకసారి, గుర్రం దగ్గర ఒకసారి నవ్వుతారు. ఎక్కడ ఆపి ఊపిరి తీసుకోవాలో కూడా నాకు కుదిరిపోయింది. నేను చెప్పే కథలో మాత్రం వెనక చక్రం విరిగిపోతుంది. అది విరగకపోతే కథ నిలబడదు. ఇది రాస్తూ మొదటిసారి దాన్ని విరగ్గొట్టకుండా వదిలాను.

మొన్న మామిడికాయల కాలంలో బంధువుల ఇంట్లో పని పడి వేప్పనపల్లి వైపు పోయాను. ఆ మలుపు దగ్గర బండి ఆపకుండా ఉండలేకపోయాను. ఆమె ఇంటి ముందు కూర్చుని కాయలు ఏరుతోంది. నన్ను గుర్తుపట్టడానికి కొంచెం సేపు పట్టింది. గుర్తుపట్టాక నీళ్ళు ఇచ్చింది, రెండు కాయలు చేతిలో పెట్టింది. చుట్టూ ఇంకో ఇద్దరు ఆడవాళ్ళున్నారు. వినేవాళ్ళుంటే నేను ఊరుకోలేను కదా.

"అమ్మా, నీ ఉలవలు నా ఉద్యోగం తినేసినాయి, తెలుసా? ఈ జన్మకు మర్చిపోలేను" అన్నాను, నవ్వు వచ్చే చోట ఆపి.

మిగతా ఇద్దరూ నవ్వారు. ఆమె ఏరుతున్న కాయ పక్కన పెట్టి నా వైపు చూసింది.

"ఆ ఉలవలు మేము ఆ పొద్దే ఊడ్చుకోని ఇంటికి పోతిమి గదప్పా. చారు కాచుకోని తినేస్తిమి కూడా. నువ్వే ఇంకా ఆ రోడ్డు మీద కూచోనుండావు."